టైమ్‌షేర్ వీక్ అద్దెకిచ్చారా? అమెరికా టాక్స్ రిటర్న్‌లో ఎలా చూపించాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిబ్రవరి వచ్చి డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, టాక్స్ కోత చూపించే కాగితాలు) చేతికి అందాయంటే చాలు, నన్ను కనీసం నలుగురైదుగురు ఇదే అడుగుతారు, "పోయినేడాది మా టైమ్‌షేర్ వీక్ వేరేవాళ్లకి అద్దెకిచ్చాం, అది రిటర్న్‌లో ఎక్కడ పెట్టాలి" అని. టైమ్‌షేర్ వీక్ అంటే ఒక రిసార్ట్ గదిని ఏడాదికి ఒక వారం వాడుకునే హక్కు కొనుక్కోవడం. మనవాళ్లలో చాలామంది పిల్లల్ని తీసుకుని ఓర్లాండోకో వేగాస్‌కో వెళ్లినప్పుడు, టికెట్లు చవగ్గా ఇస్తాం ఒక గంటన్నర కూర్చోండి అంటే కూర్చుని, లేచేటప్పటికి సంతకాలు పెట్టేసినవాళ్లే. మేమూ అంతే, 2015లో ఓర్లాండో దగ్గర కొన్నాం. ఆ టేబుల్ దగ్గర మాకు చెప్పింది ఏంటంటే "వాడుకోకపోతే అద్దెకిచ్చేయండి, ఖర్చంతా టాక్స్‌లో రాసేసుకోవచ్చు, జీతం మీద టాక్స్ కూడా తగ్గుతుంది" అని. నేను నమ్మి రెండేళ్లు అలాగే నష్టం చూపించి ఫైల్ చేశా. తర్వాత ఒక సీపీఏ (అకౌంటెంట్) గారు చూసి ఇది చెల్లదండీ అన్నారు, రెండు రిటర్న్‌లూ సరిచేసి వడ్డీతో సహా కట్టాల్సొచ్చింది. ఇంకొకరికి అలా కాకూడదని ఇది రాస్తున్నా. అంకెలన్నీ 2025 టాక్స్ ఇయర్‌వి, అంటే 2026 ఏప్రిల్ 15 లోపు ఫైల్ చేసే రిటర్న్‌వి. మీ డీడ్ (ఆస్తి పత్రం), మీ రిసార్ట్, మీ స్టేట్‌ని బట్టి కొంచెం మారొచ్చు కాబట్టి పెద్ద మొత్తాలుంటే ఎవరికైనా చూపించుకోండి.

1,200 డాలర్లే వచ్చాయి, 1099 ఏమీ రాలేదు, జెల్‌లో (Zelle, బ్యాంక్ నుంచి బ్యాంక్‌కి డబ్బు పంపే యాప్) తీసుకున్నా. అయినా చూపించాలా?

చూపించాలండి. 1099 అనేది మీకు డబ్బులిచ్చినవాళ్లు ఐఆర్‌ఎస్‌కి (అమెరికా టాక్స్ శాఖ) పంపే కాపీ మాత్రమే, అది రాలేదంటే ఆదాయం రాలేదని కాదు. జెల్ వాళ్లు 1099-కే అసలు ఇవ్వరు. పేపాల్, రెంటల్ వెబ్‌సైట్లు లాంటివాళ్లు 600 డాలర్లు దాటితే 1099-కే పంపాలని కొన్నేళ్లు గొడవ నడిచింది కదా, 2025 జూలైలో వచ్చిన కొత్త చట్టంతో మళ్లీ పాత లెక్కకే వెళ్లిపోయారు, 20,000 డాలర్లు దాటాలి, 200 లావాదేవీలు కూడా దాటాలి. ఒక్క వీక్ అద్దెకిచ్చేవాళ్లకి అది వచ్చే అవకాశం చాలా తక్కువ. రిసార్ట్ వాళ్ల రెంటల్ ప్రోగ్రామ్‌కి ఇచ్చి ఉంటే మాత్రం 600 దాటితే 1099-మిస్క్ వస్తుంది, 2026 నుంచి ఇచ్చే డబ్బులకి ఆ లిమిట్ 2,000 అయింది. ఏ కాగితం వచ్చినా రాకపోయినా మీ చేతికొచ్చింది ఆదాయమే.

ఇంకోటి, రిసార్ట్ వాళ్లు 1,500కి అద్దెకిచ్చి వాళ్ల కమిషన్ 600 తీసుకుని మీకు 900 పంపారనుకోండి, ఆదాయం 1,500 అని రాసి కమిషన్ 600 ఖర్చులో రాయండి. 1099లో పెద్ద అంకె ఉండి మీ రిటర్న్‌లో చిన్న అంకె ఉంటే అక్కడే లెటర్ వస్తుంది.

ఏడాదికి 14 రోజుల్లోపు అద్దెకిస్తే టాక్సే లేదంటున్నారు, మాది 7 రోజులే కదా?

అందరూ తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

ఆ రూల్ ఉన్న మాట నిజమే, అమెరికా టాక్స్ చట్టం సెక్షన్ 280ఏ లో ఉంది. మాస్టర్స్ గోల్ఫ్ జరిగేటప్పుడు అగస్టాలో ఇల్లు వారం రోజులు అద్దెకిచ్చుకునేవాళ్లు వాడుకునే రూల్ అదే. కానీ దానికి రెండు షరతులు కలిపి ఉండాలి. ఆ ఇంటిని మీరు మీ నివాసంగా వాడి ఉండాలి, పైగా అది ఆ ఏడాదిలో 15 రోజుల కన్నా తక్కువే అద్దెకి వెళ్లి ఉండాలి. నివాసంగా వాడటం అంటే సొంత వాడకం 14 రోజులు దాటాలి, లేదా అద్దె రోజుల్లో 10 శాతం దాటాలి, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే అది.

ఇప్పుడు టైమ్‌షేర్ సంగతి చూడండి. ఆ గదికి మీరొక్కరే ఓనర్ కాదు, వీక్‌కి ఒకరు చొప్పున యాభై మంది ఉండొచ్చు. చట్టంలో సొంత వాడకం అన్నప్పుడు మీ రోజులే కాదు, ఆ యూనిట్‌లో వాటా ఉన్న మిగతావాళ్ల రోజులు కూడా కలుస్తాయి. టైమ్‌షేర్ల కోసం ఐఆర్‌ఎస్ ప్రతిపాదించిన రెగ్యులేషన్ ఒకటుంది, ఎన్నో ఏళ్లుగా ఫైనల్ కాకుండా అలాగే ఉంది గానీ వాళ్ల ఆలోచన ఏంటో అందులో తెలుస్తుంది, యూనిట్ మొత్తాన్ని ఒకటిగా తీసుకుని అందరి వాడకాన్నీ, అందరి అద్దెనీ కలిపి చూడాలని. అలా చూస్తే ఏడాది మొత్తంలో మిగతా ఓనర్లలో ఇంకో ఇద్దరు వాళ్ల వీక్‌లు అద్దెకిచ్చినా 15 రోజులు దాటేసినట్టే, అది మీకు తెలిసే దారి కూడా లేదు. అందుకే "7 రోజులే కదా, చూపించక్కర్లేదు" అనే ధైర్యం నేనైతే చెయ్యను. పైగా ఆదాయం చూపించి దానికి ఎదురుగా ఆ వీక్ మెయింటెనెన్స్ ఫీజు (రిసార్ట్‌కి ఏటా కట్టేది) రాసుకుంటే చాలామందికి మిగిలేది సున్నాకి దగ్గరే, కట్టాల్సింది ఏమీ ఉండదు. సున్నా టాక్స్ కోసం దాచిపెట్టి రిస్క్ తీసుకోవడం ఎందుకు చెప్పండి.

ఏ ఫామ్‌లో రాయాలి, షెడ్యూల్ ఈ నా షెడ్యూల్ సి నా?

దాదాపు అందరికీ షెడ్యూల్ ఈ (అద్దె ఆదాయం రాసే ఫామ్), మొదటి పేజీ. ప్రాపర్టీ టైప్ దగ్గర కోడ్ 3, అంటే వెకేషన్ లేదా షార్ట్ టర్మ్ రెంటల్. అడ్రస్ దగ్గర రిసార్ట్ అడ్రస్, యూనిట్ నంబర్ ఉంటే అదీ వెయ్యండి. లైన్ 2లో సరైన ధరకి అద్దెకిచ్చిన రోజులు, సొంతంగా వాడుకున్న రోజులు విడివిడిగా అడుగుతుంది. లైన్ 3లో అద్దె. ప్రకటన ఖర్చు లైన్ 5, కమిషన్ లైన్ 8, లోన్ వడ్డీ లైన్ 12, ప్రాపర్టీ టాక్స్ లైన్ 16, డిప్రిసియేషన్ (కొన్న ధరని ఏళ్ల మీద పంచి ఏటా తీసుకునే తరుగు) లైన్ 18. మెయింటెనెన్స్ ఫీజు చాలామంది లైన్ 19లో అదర్ కింద పేరు రాసి పెడతారు, నేనూ అక్కడే పెడతా.

షెడ్యూల్ సి (సొంత వ్యాపారం ఫామ్) ఎప్పుడంటే, అద్దెకున్నవాళ్లకి మీరే రోజూ గది సర్దించడం, దుప్పట్లు మార్పించడం లాంటి హోటల్ సేవలు ఇచ్చినప్పుడు. టైమ్‌షేర్‌లో ఆ పనులు రిసార్ట్ వాళ్లు అందరు ఓనర్లకీ మామూలుగా చేసేవే, మీరు చేసేవి కాదు. షెడ్యూల్ సి లో పెడితే లాభం మీద 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ కూడా పడుతుంది, అవసరం లేకుండా అటు వెళ్లకండి.

ఏ ఖర్చులు రాసుకోవచ్చు? మెయింటెనెన్స్ ఫీజు మొత్తం రాసేయొచ్చా?

అద్దెకిచ్చిన వీక్‌కి కట్టిన ఫీజు మాత్రమే. మీకు రెండు వీక్‌లుండి ఒకటి మీరెళ్లి, ఒకటి అద్దెకిస్తే, మీరెళ్లిన వీక్ ఫీజు మీ సెలవుల ఖర్చు, అది ఎక్కడా రాసుకోవడానికి లేదు. ఇది వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ నేను చూసిన రిటర్న్‌లలో ఎక్కువ తప్పులు దీంట్లోనే, బిల్లు మొత్తం 2,300 అని ఉంటే 2,300 కొట్టేస్తారు.

ఫీజు కాకుండా, లిస్టింగ్ పెట్టడానికి అయిన డబ్బులు, బ్రోకర్ కమిషన్, అద్దెకొచ్చేవాళ్ల పేరు మార్చడానికి రిసార్ట్‌కి కట్టిన గెస్ట్ సర్టిఫికెట్ ఫీజు, పేమెంట్ కంపెనీ కోసుకున్న చార్జీలు, ఆ అద్దె కోసమే రాయించుకున్న అగ్రిమెంట్ ఖర్చు, ఇవన్నీ వస్తాయి. రిసార్ట్ చూసొద్దామని ఫ్యామిలీతో వెళ్లిన ఫ్లైట్ టికెట్లు రావు. సేల్స్ వాళ్ల మాట విని "ఓనర్స్ అప్‌డేట్ మీటింగ్‌కి వెళ్లాం కాబట్టి ట్రిప్ ఖర్చు బిజినెస్" అని రాసినవాళ్లున్నారు, దయచేసి అది చెయ్యొద్దు.

ఒక్క ఉదాహరణ లెక్కతో చెప్తారా?

రెండు వీక్‌లున్నాయి, ఒకటి అద్దెకి 1,400 డాలర్లకి వెళ్లింది. ఆ వీక్ ఫీజు 1,150, అందులో ప్రాపర్టీ టాక్స్ 90 అని బిల్లులో విడిగా చూపించారు. లిస్టింగ్‌కి 40 అయింది. ముందు ప్రాపర్టీ టాక్స్ 90 తీసేయండి, తర్వాత మిగతా ఫీజు 1,060, లిస్టింగ్ 40, ఇంకా 210 మిగిలింది. ఇప్పుడు డిప్రిసియేషన్. ఆ వీక్ కొన్న ధరలో భూమి వాటా తీసేశాక 12,000 అనుకుంటే 39 ఏళ్లకి పంచితే ఏడాదికి 308 వస్తుంది. కానీ మిగిలిన ఆదాయం 210 కాబట్టి 210 వరకే వాడుకుని మిగతా 98 వచ్చే ఏడాదికి మోసుకెళ్లాలి. ఈ ఏడాది టాక్స్ పడే ఆదాయం సున్నా. 1,400 వచ్చినా కట్టేది ఏమీ లేదు, అదంతా కాగితం మీద సక్రమంగా కనిపిస్తుంది. వరసలో టాక్స్, వడ్డీ ముందు, నడిపే ఖర్చులు తర్వాత, డిప్రిసియేషన్ చివర, ఈ క్రమం మార్చకూడదు.

మాది వీక్ కాదు, పాయింట్స్. దాన్ని ఎలా పంచాలి?

ఈ ప్లాన్‌లలో వారానికి బదులు ఏటా కొన్ని పాయింట్లు ఇస్తారు, వాటితో గది బుక్ చేసుకోవాలి. ఖర్చు కూడా పాయింట్ల లెక్కలోనే పంచండి. ఏడాదికి 2,00,000 పాయింట్లు వచ్చి 1,20,000 పాయింట్ల బుకింగ్ అద్దెకిచ్చారంటే 60 శాతం, ఫీజు 1,800 అయితే 1,080 రాసుకోవచ్చు. రోజుల లెక్కన పంచితే తేడా వస్తుంది, డిసెంబర్ చివర్లో మూడు రోజులకి పోయే పాయింట్లు సెప్టెంబర్‌లో వారానికి సరిపోతాయి కదా. ఏ పద్ధతి తీసుకున్నా ఏటా అదే పాటించండి. మీ కాగితాలు ఒకసారి తీసి చూస్కోండి, కొన్ని పాయింట్స్ ప్లాన్‌లలో వెనకాల డీడ్ ఉంటుంది, కొన్నిట్లో ఉత్త వాడుకునే హక్కే, కొన్నేళ్లకి అయిపోతుంది. కింద వడ్డీ, ప్రాపర్టీ టాక్స్ దగ్గర ఈ తేడా పనికొస్తుంది.

లోన్ వడ్డీ, ప్రాపర్టీ టాక్స్ సంగతేంటి?

అద్దెకిచ్చిన వీక్ వాటా షెడ్యూల్ ఈ కి వెళ్తుంది. సొంతానికి వాడుకున్న వాటా షెడ్యూల్ ఏ లో (సొంత డిడక్షన్లు విడివిడిగా రాసే ఫామ్) పెట్టొచ్చా అంటే, లోన్‌కి ఆ డీడ్ తాకట్టు ఉండాలి, మీరు రెండో ఇల్లుగా ఇంకేదీ చూపించకూడదు. ఆ ఏడాదిలో అద్దెకి కూడా ఇచ్చి ఉంటే మీరు సరిపడా రోజులు వాడుకుని ఉండాలి, ఈ వడ్డీ విషయంలో మాత్రం మీకు హక్కున్న రోజులే లెక్క, మిగతా ఓనర్లవి కాదు. క్రెడిట్ కార్డ్ మీద కొన్న దానికి, డీడ్ లేని వాడుకునే హక్కు ప్లాన్‌కి ఈ దారి లేదు. ప్రాపర్టీ టాక్స్ అయితే బిల్లులో విడిగా కనిపించాలి, ఫీజులో కలిసిపోయి ఉంటే రిసార్ట్ అసోసియేషన్‌కి మెయిల్ పెట్టి ఎంతో చెప్పమనండి, చెప్తారు.

అసలు దీనివల్ల లాభం ఎవరికంటే ఐటమైజ్ చేసేవాళ్లకే, అంటే స్టాండర్డ్ డిడక్షన్ వదిలి షెడ్యూల్ ఏ వేసేవాళ్లకే. 2025కి భార్యాభర్తలు కలిపి ఫైల్ చేస్తే స్టాండర్డ్ డిడక్షన్ 31,500 ఉంది, సొంతిల్లూ పెద్ద లోనూ లేనివాళ్లకి టైమ్‌షేర్ ప్రాపర్టీ టాక్స్ 90 డాలర్లు వెతుక్కుని ఒరిగేదేం లేదు. న్యూజెర్సీ, కాలిఫోర్నియాలో ఇల్లున్నవాళ్లకైతే స్టేట్, లోకల్ టాక్సుల లిమిట్ 10,000 నుంచి 40,000కి పెరిగింది కాబట్టి ఇప్పుడు పనికిరావచ్చు, ఆదాయం 5,00,000 దాటితే అది మళ్లీ తగ్గుకుంటూ వస్తుంది.

నష్టం వచ్చింది. జీతం మీద టాక్స్ తగ్గుతుందా?

తగ్గదు. దాదాపు ఎప్పుడూ తగ్గదు. నాకు కొన్నప్పుడు చెప్పింది తగ్గుతుందనే, రెండేళ్లు పట్టింది అది అబద్ధమని తెలియడానికి, అందుకే ఇది కాస్త వివరంగా రాస్తా.

మొదటి అడ్డం పైన చెప్పిన 280ఏ. యూనిట్ మొత్తంగా నివాసం కింద లెక్కకొస్తే ఖర్చులు అద్దె దాకానే, మిగిలింది వచ్చే ఏడాదికి మోసుకెళ్లాలి, అది కూడా ఇదే యూనిట్ అద్దె మీదే వాడాలి.

సరే, ఎవరో అది వర్తించదని వాదించారనుకుందాం, అప్పుడు పాసివ్ లాస్ రూల్స్ వస్తాయి, అంటే మీరు స్వయంగా నడపని వాటి నష్టాన్ని జీతం మీద తీసుకోనివ్వని రూల్స్. మామూలు రెంటల్ ఇల్లున్నవాళ్లకి ఆదాయం 1,00,000 లోపుంటే 25,000 దాకా నష్టం జీతం మీద తీసుకోనిస్తారు, 1,50,000కి అది పూర్తిగా పోతుంది. మనవాళ్లు "మా ఫ్రెండ్ ఇండియానాపొలిస్‌లో ఇల్లు కొని తీసుకుంటున్నాడు కదా" అంటారు, కానీ సగటు అద్దె కాలం 7 రోజులు లేదా తక్కువ ఉంటే ఆ రూల్స్ ప్రకారం అది రెంటల్ యాక్టివిటీయే కాదు, ఆ 25,000 వెసులుబాటు దానికి లేదు. అప్పుడు మిగిలిన దారి మీరు స్వయంగా గణనీయంగా పనిచేశారని చూపించడం, ఏడాదికి 500 గంటలు, లేదా 100 గంటలు దాటి ఇంకెవరూ మీకన్నా ఎక్కువ చెయ్యకపోవడం లాంటి పరీక్షలు. రిసార్ట్‌లో గది ఊడ్చేవాళ్లు, ఫ్రంట్ డెస్క్‌లో కూర్చునేవాళ్లు పనిచేసే గంటల ముందు మనం రెండు మెయిల్స్ రాసి లిస్టింగ్ పెట్టిన మూడు గంటలు ఎక్కడ నిలబడతాయి?

ఎవరైనా టైమ్‌షేర్ నష్టంతో రీఫండ్ పెంచుతానంటే ఆ ప్రిపేరర్‌ని మార్చుకోండి. సంతకం మీదే, నోటీసు వచ్చేదీ మీకే.

నేను హెచ్-1బి మీద ఉన్నా, అద్దెకిచ్చుకోవచ్చా?

ఇది టాక్స్ ప్రశ్న కాదు గానీ చాలామంది భయంభయంగా అడుగుతారు. సొంత ఆస్తి మీద అద్దె రావడాన్ని మామూలుగా పెట్టుబడి ఆదాయంగానే చూస్తారు, ఉద్యోగంగా కాదు. కానీ పది పన్నెండు బుకింగ్‌లు కొని అమ్ముతూ దాన్ని వ్యాపారంలా నడిపిస్తే అది వేరే కథ, ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా అటు పోవద్దు. ఇంకో మాట, నష్టం తీసుకోవడానికి "నేను దీంట్లో 500 గంటలు పనిచేశా" అని టాక్స్ రిటర్న్‌లో చెప్పుకునేవాళ్లు అదే కాగితం రేపు వీసా ఫైల్‌లో ఎలా కనిపిస్తుందో ముందే ఆలోచించుకోండి.

మా తమ్ముడికి, బావమరిదికి, ఫ్రెండ్స్‌కి ఇచ్చా. అది అద్దె రోజులా, సొంత రోజులా?

మన బంధుత్వాలు అమెరికా చట్టంలో సరిగ్గా ఇమడవు, అందుకే చుట్టరికం చుట్టరికంగా చూద్దాం. చట్టంలో కుటుంబం అంటే భార్య లేదా భర్త, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, అమ్మానాన్న, తాతమ్మమ్మలు ఇలా పైకి, పిల్లలు, మనవలు ఇలా కిందికి. వీళ్లు పూర్తి అద్దె ఇచ్చినా సరే అది మీ సొంత వాడకమే. బాబాయ్, పిన్ని, మేనమామ, కజిన్స్ ఈ లిస్టులో లేరు, వాళ్లు మార్కెట్ ధర ఇస్తే అద్దె రోజులే.

బావమరిది దగ్గర చిక్కుంది. డీడ్ మీ ఒక్కరి పేరునే ఉంటే ఆయన లిస్టులో లేరు. కానీ మనవాళ్ల డీడ్‌లు ఎక్కువగా ఇద్దరి పేర్ల మీదా ఉంటాయి, అప్పుడు ఆయన మీ ఆవిడకి తమ్ముడు, ఆవిడ ఓనర్, కాబట్టి అది సొంత వాడకం అయిపోతుంది. ఆడపడుచు, మరిది విషయంలోనూ ఇదే లెక్క తిప్పి చూస్కోండి.

ఫ్రెండ్స్‌కి "ఫీజు డబ్బులు ఇస్తే చాలు రా" అని ఇచ్చారంటే, అది మార్కెట్ ధర కన్నా బాగా తక్కువైతే సొంత రోజుల్లోకే వస్తుంది. కాకపోతే టైమ్‌షేర్‌లో చాలాసార్లు మార్కెట్ అద్దె ఫీజు కన్నా తక్కువే ఉంటోంది, కాబట్టి ఆ వారం అదే రిసార్ట్ గది ఎంతకి దొరుకుతోందో స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. ఊరికే ఇచ్చినా, గుడి వేలంలో పాడుకోమని విరాళంగా ఇచ్చినా అది అద్దె కాదు, గుడికిచ్చిన వీక్ వాడకానికి డొనేషన్ డిడక్షన్ కూడా రాదు, ఆస్తిలో వాడుకునే హక్కు మాత్రమే ఇస్తే చట్టం ఒప్పుకోదు.

ఆర్‌సీఐలోనో, ఇంటర్వల్‌లోనో (వీక్‌లు మార్పిడి చేసే కంపెనీలు) ఎక్స్‌ఛేంజ్ చేశా. అది?

సొంత వాడకం. మీ ఇంట్లో ఇంకొకరు ఉండి మీరు ఇంకో చోట ఉండే ఏర్పాటు ఏదైనా మీ సొంత రోజులే అని చట్టం స్పష్టంగానే చెప్తుంది. డబ్బులు చేతులు మారలేదు కాబట్టి ఆదాయం లేదు, ఎక్స్‌ఛేంజ్ ఫీజూ మెంబర్‌షిప్ ఫీజూ ఖర్చు కిందా రావు. ఎక్స్‌ఛేంజ్‌లో వచ్చిన వీక్‌ని అద్దెకిచ్చేసేవాళ్లున్నారు, దానికి ఆర్‌సీఐ రూల్స్ ఒప్పుకోవు, దొరికితే అకౌంట్ ఆపేస్తారు. అయినా ఇచ్చారంటే వచ్చింది ఆదాయమే, చూపించాల్సిందే.

డిప్రిసియేషన్ 27.5 ఏళ్లా, 39 ఏళ్లా? వదిలేస్తే ఏమవుతుంది?

సాఫ్ట్‌వేర్‌లు అడక్కుండానే 27.5 వేసేస్తాయి. అది నివాస అద్దె ఇళ్లకి. సగం కన్నా ఎక్కువ గదులు రోజుల లెక్కన వచ్చిపోయేవాళ్లకి ఇచ్చే హోటల్ లాంటి చోటు నివాస యూనిట్ కింద రాదు, అప్పుడు 39 ఏళ్లు. టైమ్‌షేర్ రిసార్ట్‌లు ఎక్కువగా ఇందులోనే పడతాయి. కొన్న ధరలో భూమి వాటా తీసెయ్యాలి, ఒక్కో ఏడాది అద్దెకిచ్చి ఒక్కో ఏడాది సొంతంగా వాడుకుంటే అద్దె ఏడాదికే, ఆ వాటాకే. వదిలేస్తే మీకే నష్టం, ఎందుకంటే అమ్మేటప్పుడు మీరు తీసుకోగలిగింది తీసుకున్నా తీసుకోకపోయినా తీసుకున్నట్టే లెక్కేసి కొన్న ధరలోంచి తగ్గిస్తారు.

వీక్ లిస్టింగ్ పెట్టా, ఎవరూ తీసుకోలేదు, ఖాళీగా పోయింది. ఫీజు రాసుకోవచ్చా?

అద్దెకి పెట్టి ఖాళీగా ఉన్న రోజులు అద్దె రోజులుగా లెక్కకి రావు. ఆ వీక్‌కి అద్దే లేనప్పుడు ఎదురుగా రాయడానికి ఆదాయం లేదు. ఆ ఫీజుని ఇంకో వీక్ అద్దె మీద వేసేవాళ్లున్నారు, నేనైతే వెయ్యను. డబ్బు పోయిన బాధ అర్థమవుతుంది గానీ, అడిగితే నిలబెట్టుకోలేనిది రాయకూడదు.

స్పెషల్ అసెస్‌మెంట్ (మామూలు ఫీజు కాక రిసార్ట్ అదనంగా అడిగేది) 900 కట్టమన్నారు.

దేనికో చూడండి. తుఫానులో పాడైంది బాగుచేయడానికైతే రిపేరు, అద్దె వీక్ వాటా ఈ ఏడాదే రాసుకోవచ్చు. కొత్త స్విమ్మింగ్ పూల్, రూఫ్ మొత్తం మార్చడం లాంటివైతే ఆస్తి ధరలో కలిపి డిప్రిసియేషన్‌లో మెల్లగా తీసుకోవాలి. అసోసియేషన్ లెటర్ దాచండి.

డిసెంబర్‌లో డబ్బులొచ్చాయి, వాళ్లు ఉండేది మార్చిలో. ఏ ఏడాది ఆదాయం?

డబ్బు చేతికొచ్చిన ఏడాదే. తిరిగి ఇవ్వాల్సిన డిపాజిట్ మాత్రం ఆదాయం కాదు, ఏదైనా పగలగొట్టారని ఉంచేసుకుంటే అప్పుడు ఆదాయం. క్యాన్సిల్ చేసినా అడ్వాన్స్ తిరిగివ్వలేదంటే అదీ ఆదాయమే.

స్టేట్‌కి కూడా కట్టాలా?

మీరుండే స్టేట్ కాకుండా రిసార్ట్ ఉన్న స్టేట్ కూడా చూడాలి. ఫ్లోరిడా, నెవాడాలో ఇన్‌కమ్ టాక్స్ లేదు కాబట్టి ఓర్లాండో, వేగాస్ వాళ్లకి ఆ బాధ లేదు. కాలిఫోర్నియా, సౌత్ కరోలినా, వర్జీనియా, హవాయిలో ఉంది, నాన్‌రెసిడెంట్ రిటర్న్ ఫైల్ చేయాల్సి రావచ్చు, అక్కడ కట్టింది మీ స్టేట్‌లో క్రెడిట్ వస్తుంది.

ఇన్‌కమ్ టాక్స్ వేరు, అద్దె మీద వసూలు చేసి కట్టే బస పన్ను వేరు. ఓర్లాండో ఉన్న ఆరెంజ్ కౌంటీలో సేల్స్ టాక్స్ 6.5 శాతం, టూరిస్ట్ టాక్స్ 6 శాతం, కలిపి 12.5. హవాయి అయితే ఇంకా గట్టిగా ఉంటారు, జనరల్ ఎక్సైజ్ టాక్స్ 4 శాతం, దాని మీద కౌంటీ అర శాతం, ఇవి కాక స్టేట్ బస పన్ను 2025 చివరిదాకా 10.25 శాతం, 2026 జనవరి నుంచి 11, కౌంటీ వాళ్లది ఇంకో 3. వెబ్‌సైటో రిసార్టో వసూలు చేసి కడుతుంటే సరే, మీరే నేరుగా ఇస్తే బాధ్యత మీదే. హవాయిలోని మావీ దీవిలో వీక్ అద్దెకిచ్చేవాళ్లు ధర చెప్పేటప్పుడే ఇది కలుపుకోండి.

18,000కి కొన్నాం, 500కి అమ్మాం. ఆ నష్టం?

సొంతానికి వాడుకున్న ఆస్తి మీద నష్టం ఒప్పుకోరు, కారు తక్కువకి అమ్మితే ఎలా ఒప్పుకోరో అలా. లాభం వస్తే మాత్రం టాక్స్ పడుతుంది. మొదటి నుంచీ నిజంగా అద్దెకే పెట్టుకుని, సొంతంగా వాడకుండా, ఏటా రిపోర్ట్ చేసినవాళ్లకి ఫామ్ 4797లో (వ్యాపార ఆస్తుల అమ్మకం ఫామ్) అవకాశం ఉండొచ్చు, అది కాగితాలున్నవాళ్లకే. ఊరికే రిసార్ట్‌కి తిరిగిచ్చేస్తే ఏమీ రాదు. "మా ట్రస్ట్‌కి దానం చెయ్యండి, 10,000 డిడక్షన్ ఇప్పిస్తాం, మా ఫీజు 2,000" అని ఫోన్లు వస్తుంటాయి, పెద్దవాళ్లకి మరీ ఎక్కువ. దానానికి వచ్చే డిడక్షన్ ఇవాళ్టి మార్కెట్ ధర వరకే, ఆ వీక్‌లు ఆన్‌లైన్‌లో ఒక డాలర్‌కి అమ్ముడవుతుంటే 10,000 ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇండియాకి తిరిగొచ్చేశాం, వేగాస్ వీక్ ఇంకా ఉంది, అద్దెకిస్తున్నాం. ఇప్పుడెలా?

హైదరాబాద్, వైజాగ్ వచ్చి స్థిరపడ్డవాళ్లు దీన్ని పూర్తిగా మర్చిపోతున్నారు. గ్రీన్‌కార్డూ సిటిజన్‌షిప్పూ లేకపోతే మీరిప్పుడు అమెరికాకి నాన్‌రెసిడెంట్. ఏమీ చెయ్యకపోతే అద్దె మొత్తం మీద 30 శాతం, ఖర్చులు తీసెయ్యకుండా. ఫామ్ 1040-ఎన్‌ఆర్‌లో (నాన్‌రెసిడెంట్ల రిటర్న్) సెక్షన్ 871(డి) ఎంపిక చేసుకుంటే ఖర్చులు పోగా మిగిలిన దాని మీదే మామూలు రేటు. ఆ 30 శాతం పట్టుకోకుండా డబ్బులిచ్చే రిసార్ట్‌కో ఏజెంట్‌కో డబ్ల్యూ-8ఈసీఐ ఫామ్ ఇచ్చేయండి. అమ్మేటప్పుడు ఫిర్ప్టా (విదేశీయులు అమ్మే అమెరికా ఆస్తుల చట్టం) కింద ధరలో 15 శాతం పట్టుకోవచ్చు, అది కూడా తెలుసుకుని ఉండండి.

ఇక్కడ ఇండియాలో, మొదటి రెండు మూడేళ్లు ఆర్‌ఎన్‌ఓఆర్ హోదా (తిరిగొచ్చినా ఇంకా పూర్తి రెసిడెంట్ కానివాళ్లకి ఉండేది) ఉంటే విదేశీ అద్దె మీద టాక్స్ ఉండదు. పూర్తి రెసిడెంట్ అయ్యాక ఆ అద్దె ఇక్కడా చూపించాలి, అమెరికాలో కట్టిన టాక్స్‌కి విదేశీ టాక్స్ క్రెడిట్ ఫామ్ వేసి క్రెడిట్ తీసుకోవాలి, డీడ్ ఉన్న వీక్‌ని షెడ్యూల్ ఎఫ్‌ఏ లో విదేశీ ఆస్తిగా రాయాలి. రాయకపోతే బ్లాక్ మనీ చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడొచ్చు. 500 డాలర్లు కూడా చెయ్యని వీక్ గురించి 10 లక్షల తలనొప్పి తెచ్చుకోకండి, ఉంచుకోవాలా వద్దా అనేది ఫ్లైట్ ఎక్కకముందే తేల్చుకోండి.

గత మూడేళ్లు చూపించలేదు. ఇప్పుడు?

ఫామ్ 1040-ఎక్స్ (పాత రిటర్న్ సరిచేసే ఫామ్) వేసి సరిచేయండి, ఒక్కో ఏడాదికి ఒక్కోటి. ఆ ఏడాది ఫీజు, ఖర్చులు కూడా అందులోనే రాయండి, చాలామందికి కట్టాల్సింది వందల్లోనే తేలుతుంది, కొందరికి ఏమీ ఉండదు. వాళ్ల నోటీసు వచ్చాక చేసేదానికీ, మనంతట మనం చేసేదానికీ పెనాల్టీలో చాలా తేడా ఉంటుంది.

ఏమేం దాచుకోవాలి?

డీడ్, కొన్నప్పటి క్లోజింగ్ స్టేట్‌మెంట్ అమ్మిన తర్వాత ఇంకో మూడేళ్లదాకా పారేయొద్దు. ఏటా మెయింటెనెన్స్ బిల్లు, రిసార్ట్ ఇచ్చిన రిజర్వేషన్ కన్ఫర్మేషన్, అద్దె అగ్రిమెంట్, డబ్బులొచ్చిన బ్యాంక్ ఎంట్రీ, లిస్టింగ్ స్క్రీన్‌షాట్. ఒక చిన్న షీట్‌లో ఏ వీక్ ఎవరు ఉన్నారు, చుట్టమా బయటివాళ్లా, ఎంత ఇచ్చారు అని అప్పటికప్పుడు రాసి పెట్టుకోండి. మేం ఇప్పుడు బుకింగ్ కన్ఫర్మ్ అయిన రోజే రాసేస్తాం, మా ఆవిడ దాన్ని బిల్లులతో కలిపి ఒకే ఫోల్డర్‌లో పెడుతుంది, మార్చిలో రిటర్న్ దగ్గర కూర్చుంటే షెడ్యూల్ ఈ కి పావుగంట కూడా పట్టట్లేదు.